వంతెన మీద వియ్యంకుడు

తడి దుప్పటి కొసలు రోలర్ నోటికి అందిస్తూ అతను లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. గొడ్డలి పైకి లేస్తే ఒకటి. భుజం వెనక్కి వాలితే రెండు. రెండయ్యాక దెబ్బ వెంటనే పడదు. వాడు ఊపిరి బిగబట్టినట్టు కాసేపు ఆగుతాడు. చంపేది ఆ ఆగడమే. కంగారుపడి ముందే బటన్ నొక్కితే సిపాయి దొర్లేసి, లేచి నిలబడేసరికి సరిగ్గా నెత్తిన గొడ్డలి పడుతుంది. ఆగాలి. ఆగి, ఆగి...

“ఏయ్ నిదానం! నీ వైపు లాగు, వంకరపోతోంది!” అవతలి కొస పట్టుకున్న జోడీ అరిచాడు.

లాగబోయేసరికే ఆలస్యమైపోయింది. దుప్పటి ముడతపడి రోలర్లో ఇరుక్కుంది. యంత్రం కీచుమని ఆగిపోయింది. ముడత విడదీయడానికి చెయ్యి పెడితే వేడి రేకు కుడి బొటనవేలికి తగిలి చుర్రుమంది.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఆ లాండ్రీలో అతను ఏళ్ళ తరబడి ఇదే రోలర్ దగ్గర నిలబడుతున్నాడు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు అక్కడ ఎవరూ మిగల్లేదు. నడక నిదానం, మాట నిదానం, ఎవరేమన్నా కోపం రావడం మరీ నిదానం. నిదానమే ప్రధానమని ఒకప్పటి మేనేజరు మెచ్చుకోలుగా అన్న మాట, కొత్త యంత్రాలు వచ్చి చేతులు పరిగెత్తాల్సి వచ్చాక వెక్కిరింపుగా మారి అతనికి పేరై కూర్చుంది.

సూపర్‌వైజర్ వచ్చి ఆగిన యంత్రాన్నీ అతణ్ణీ ఒకే చూపుతో చూశాడు. “మళ్ళీ నువ్వేనా?”

అతను తల వంచుకుని ఒక అడుగు వెనక్కి జరిగాడు. ఎవరేమన్నా ముందు ఒక అడుగు వెనక్కి వెయ్యడం అతని అలవాటు. బస్సులో తోసినా అంతే. తన తర్వాత చేరినవాడు తన కళ్ళముందే సూపర్‌వైజరైనప్పుడూ అంతే.

టీ తాగేటప్పుడు జోడీ అడిగాడు: “నిన్నైనా చచ్చాడా మీ వియ్యంకుడు?”

“లేదు. మేమే చచ్చాం.”

“ఎన్నిసార్లు?”

“లెక్కపెట్టడం మానేశాం.”

జోడీకి టీ పొలమారింది. అతను మాత్రం నవ్వలేదు. బొటనవేలి మీద బుడగలా లేచిన బొబ్బను చూసుకుంటూ, దీంతో ఇవాళ బటన్ నొక్కడం ఎలాగా అని దిగులుపడ్డాడు.

వియ్యంకుడంటే మనిషి కాడు. టీవీలో ఆడే ఒక కత్తియుద్ధం ఆటలో, విరిగిన రాతివంతెన మీద నిలబడి ఎవరికీ దారివ్వని గొడ్డలి రాక్షసుడు. ఆ పేరు పెట్టింది అతని మామగారు. “ఎంత మర్యాద చేసినా తృప్తిపడడు. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని కాచుక్కూచుంటాడు. అచ్చం మీ నాన్నే!” అన్నాడాయన మొదటిరోజే. పోయిన తండ్రిని అంత మాటన్నందుకు అల్లుడికి కోపం రావాలి. పోలిక మరీ సరిగ్గా కుదరడంతో నవ్వొచ్చింది.

మామగారు గోదాముల యార్డులో క్రేన్ నడిపినవాడు. చేతికో లివరు పట్టుకుని పైన గాజుగదిలో కూర్చుంటే, ఆయన దించే పెట్టె కింద కోడిగుడ్డు పెట్టినా పగలదని కింది కూలీలు చెప్పుకునేవారు. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయాక కూతురింటికి చేరాడు. పిసకమని ఆసుపత్రివాళ్ళిచ్చిన రబ్బరుబంతిని కిటికీలోంచి బయటికి విసిరేశాడు. ఎవరు పలకరించినా ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. ఒక సాయంత్రం, అల్లుడు టీవీ ముందు ఆడుకుంటుంటే చాలాసేపు చూసి, “అది ఇటు తే,” అన్నాడు. కంట్రోలర్ ఒళ్ళో పెట్టించుకుని ఎడమ బొటనవేలితో దాని పుల్లను ముందుకు నెట్టాడు. తెరమీద సిపాయి నడిచాడు. పక్కకి నెట్టాడు. సిపాయి పక్కకి తిరిగాడు. “లివరే ఇది!” అన్నాడాయన. ఆ ముద్దమాటలో పాత గర్వం వినిపించింది.

కానీ కొట్టే బటన్లు, దొర్లే బటను కుడివైపున ఉంటాయి. కాబట్టి ఆ సగం అల్లుడికి వచ్చింది. చక్రాల కుర్చీకి అడ్డంగా ఒక చెక్క, దానిమీద కంట్రోలర్. ఎటు కదలాలో మామ చెయ్యి, ఎప్పుడు కదలాలో అల్లుడి చెయ్యి.

ఈ ఆటలో సులువుగా ఉండాలా కష్టంగా ఉండాలా అని ముందుగా అడగరు. ఎవరికైనా ఒకటే కష్టం. పాత డిస్కులమ్మే దుకాణంవాడు ముందే హెచ్చరించాడు: “కొన్నవాళ్ళందరూ విసుగొచ్చి తిరిగిచ్చేస్తున్నారండీ. ఆలోచించుకోండి.” మామగారికి అదే నచ్చింది. ఇంట్లో కూతురు అన్నం మెత్తగా పిసికి పెడుతుంది. డాక్టర్లు పసిపిల్లాడితో మాట్లాడినట్టు సాగదీసి మాట్లాడతారు. వచ్చినవాళ్ళు తల నిమిరి వెళ్తారు. “నన్ను చూసి జాలిపడనివాడు వీడొక్కడే,” అనేవాడు వియ్యంకుణ్ణి చూపించి.

అల్లుడు ఇల్లు చేరేసరికి భార్య మందులషాపు డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఉంది.

“నాన్నకి పొద్దున్నుంచీ నలతగా ఉందండీ. ఇవాళ ఆ ఆట పెట్టకండి.”

“నలతా లేదు, గిలతా లేదు. నువ్వు నీ కొట్టుకెళ్ళు,” అని లోపల్నుంచి గొంతు.

“అరుచుకోవద్దు, సరేనా? నిన్న పైవాళ్ళు కిందికొచ్చి అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది,” అని ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

అతను చొక్కా మార్చుకుని, బొబ్బకి ప్లాస్టర్ చుట్టుకుని వచ్చేసరికే మామగారు టీవీకి ఎదురుగా సిద్ధంగా ఉన్నాడు. పెదాలు పాలిపోయి ఉన్నాయి. కళ్ళలో మాత్రం పనిలోకెక్కే మనిషి తొందర.

“కాసేపు పడుకోకూడదా మావయ్యా?”

“చచ్చాక పడుకుంటాలే. స్టూలు జరుపు.”

మొదటి పోరు వంతెన సగం దాటకుండానే ముగిసింది. గొడ్డలి లేచింది, భుజం వాలింది, వాడు ఆగాడు. అతను ఆగాడు. నొక్కాల్సిన క్షణంలో ప్లాస్టర్ కింద బొబ్బ కలుక్కుమంది. సిపాయి బొక్కబోర్లా పడ్డాడు.

“నిద్రపోతున్నావా?”

“వేలు కాలింది మావయ్యా.”

“వాడికి చెప్పు. అయ్యోపాపమని ఆగుతాడేమో!”

తర్వాతి పోరూ అంతే. ఆ తర్వాతిదీ అంతే. అసలు గొడవ వేలిది కాదని ఇద్దరికీ తెలుసు. గొడ్డలి రాగానే వెనక్కి దొర్లాలని అల్లుడి పట్టు. వెనక్కి దొర్లితే దాని పొడవు అందుకుని మరీ కొడుతుందని మామ వాదన. “క్రేన్ కొక్కెం ఊగుతున్నప్పుడు దూరంగా పరిగెత్తినవాడికే తగుల్తుందోయ్. దాని కిందికి దూరినవాడికి తగల్దు. వాడి చంకలోకి పోవాలి,” అని ఆయన పుల్లను ముందుకే నెడతాడు. మాట నిజమే. ముందుకి దొర్లిన ప్రతిసారీ గొడ్డలి వీపు వెనకే నేలను కొట్టేది. కానీ వాడి పక్కలోకి చేరాక ఆయనకు ఆశ పుడుతుంది. ఒక దెబ్బ వేసి బయటపడకుండా ఇంకొకటి, మరొకటి అంటూ అక్కడే అతుక్కుపోతాడు. ఈలోగా సిపాయికి దమ్ము అయిపోతుంది. దమ్ము లేనివాడు దొర్లలేడు.

ఈసారి వియ్యంకుడి ప్రాణం సగానికి దిగింది. వాడు గర్జించి గొడ్డలికి నిప్పంటించుకున్నాడు. అక్కణ్ణుంచి దెబ్బలు రెండింతల జోరు. ముందుకి దొర్లుడు, ఒక దెబ్బ, పక్కకి. మళ్ళీ ముందుకి. వాడి ఎర్రగీత తరుగుతూ తరుగుతూ గోరంత మిగిలింది.

“చాలు, వచ్చెయ్యండి!” అన్నాడు అల్లుడు.

“ఇంకొక్కటి! ఒక్కటి!”

పుల్ల కదల్లేదు. సిపాయి దమ్ము అయిపోయి రొప్పుతున్నాడు. మండే గొడ్డలి అడ్డంగా వచ్చి అతన్ని వంతెన మీంచి లోయలోకి ఊడ్చేసింది.

అల్లుడు స్టూలు వెనక్కి తన్నేసి లేచాడు.

“చెప్పానా లేదా? ఒక్కటి కొట్టి వచ్చేద్దామని చెప్పానా లేదా? మీకెప్పుడూ ఇంకొకటి కావాలి! పెళ్ళినాటినుంచీ చూస్తున్నా, ఈ ఇంట్లో నా మాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి విన్నారా మీరు? అక్కడ వాళ్ళు వినరు, ఇక్కడ మీరు వినరు! నేనేమన్నా గోడనా?”

పైఅంతస్తులో ఎవరో నేలమీద దబదబా కొట్టారు. తన గొంతు అంత పెద్దదని అతనికే తెలియదు.

మామగారు అతణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు. పనిచేసే సగం ముఖం మెల్లగా నవ్వింది.

“అబ్బో. నోరుందే నీకు.”

అతను పైకప్పు వైపు చూశాడు.

“ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావోయ్? కూచో. క్రేన్ మీద నేనున్నా, కిందినుంచి ఒకడు కేకేసి చెప్పేవాడు, దించు, ఆపు అని. వాడు మెల్లిగా గొణిగితే నాకేం వినపడుతుంది? నువ్వు కేకెయ్యి. ఎప్పుడు దూరాలో, ఎప్పుడు రావాలో. నేను వింటా.”

“వింటారా?”

“విని చస్తా. కూచో.”

స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. వంతెన మళ్ళీ మొదటినుంచి. వియ్యంకుడు గొడ్డలి ఎత్తాడు.

“ముందుకి!” అన్నాడు అతను. మొదట గొంతు పెగల్లేదు. రెండోసారి పెగిలింది. “ముందుకి! కొట్టా. వచ్చెయ్యండి!”

పుల్ల వెనక్కి వచ్చింది. నిజంగానే వచ్చింది. ఆయన వేలు ఇంకొక్కటి అని గునిసినట్టు ఒకసారి వణికి, మాట విని వచ్చింది. ముందుకి, దెబ్బ, వెనక్కి. బొబ్బ పగిలి ప్లాస్టర్ తడిసినా అతనికి తెలియలేదు. నిప్పుగొడ్డలి వచ్చింది. వాడు భుజం వాల్చాక ఆగే తీరు ఇప్పుడు ముందే తెలిసినట్టుంది. భయపడకుండా ఆగగలిగాడు. వియ్యంకుడి గీత మళ్ళీ గోరంతకు వచ్చింది. వాడు తూలి ఒక మోకాలి మీద పడ్డాడు. అంతవరకూ ఏ పోరులోనూ అలా పడలేదు.

“మోకాలి మీదికొచ్చాడు!” మామగారి గొంతు పొంగింది. “కొట్టవోయ్!”

కొట్టాడు. గీతలో నూలుపోగంత మిగిలింది. వాడు లేచాడు. గొడ్డలి లేచింది. భుజం వాలింది.

“ముందుకి!”

పుల్ల కదల్లేదు.

“ముందుకి మావయ్యా, నెట్టండి!”

అతను దొర్లే బటన్ నొక్కాడు. ఎటు దొర్లాలో చెప్పే చెయ్యి లేక సిపాయి ఉన్నచోటినుంచి వెనక్కి ఒక గెంతు గెంతాడు. గొడ్డలి పొడవు అందుకుని మరీ కొట్టింది. తెర నల్లబడింది.

“ఇంతదాకా వచ్చి... ఇప్పుడా మీ మొండితనం! వింటానన్నారుగా! ఛీ, ఏం మనిషండీ మీరు!” అని అరిచి, జవాబు కోసం ఎదురుచూశాడు. వాడికి చెప్పు, ఆగుతాడేమో లాంటి మాట ఏదో వస్తుందని.

రాలేదు. పైఅంతస్తువాళ్ళు కూడా ఈసారి నేల కొట్టలేదు. తెరమీద సిపాయి వంతెన మొదట్లో మళ్ళీ లేచి నిలబడ్డాడు. మామగారి ఎడమ బొటనవేలు పుల్ల మీంచి జారి చెక్క మీద వెల్లకిలా పడివుంది. కళ్ళు సగం తెరిచి టీవీవైపే ఉన్నాయి.

“మావయ్యా,” అన్నాడు. తర్వాత ఇంకా మెల్లిగా, ఎప్పటి నిదానపు గొంతుతో, “మావయ్యా,” అన్నాడు.

పక్కవీధి డాక్టరు వచ్చి నాడి చూసి, మణికట్టు మెల్లగా కింద పెట్టాడు. పైఅంతస్తాయన వచ్చి, ఏం చెయ్యాలో తెలియక టీవీ కట్టేశాడు. భార్య షాపు కోటు విప్పకుండానే పరుగున వచ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంచెం తెరిపిన పడ్డాక మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

“చివరికి ఏమన్నా అన్నాడా?”

అతనికి తాను చివరగా అన్న ఛీ గుర్తొచ్చింది. దాన్ని మింగి, ఆయన మాటే చెప్పాడు.

“కొట్టవోయ్ అన్నారు.”

“ఎవర్ని?”

“వియ్యంకుణ్ణి.”

ఏడుపులోంచే చిన్న నవ్వు జారి, మళ్ళీ ఏడుపై, ఆమె ముఖం అతని భుజంలో దాచుకుంది. “మంచం మీద మూలుగుతూ పోతానేమోనని భయపడేవాడండీ,” అంది.

చీకటి పడే వేళకు బండి వచ్చి ఆయన్ని ఆసుపత్రి మార్చురీకి తీసుకెళ్ళింది. మర్నాడు పనికి రాలేనని అతను సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాడు. రేపు లోడు ఎక్కువుంది, సగం పూటైనా రమ్మన్నాడు అవతలివాడు. “రాను,” అన్నాడు అతను. ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. కానీ అది చూసి అబ్బో అనడానికి గదిలో ఎవరూ లేరు.

వచ్చిపోయినవాళ్ళ అడుగుల మట్టి ఊడుద్దామని చక్రాల కుర్చీ పక్కకు జరిపాడు. దాని కింద జబ్బుపడ్డాక కొన్న మామగారి చెప్పులజత ఉంది. ఎడమకాలితో నేలను తన్నుకుంటూ కుర్చీని ఇల్లంతా తిప్పేవాడాయన. కుడికాలు కుర్చీ పాదాల మెట్టు మీదే కదలకుండా ఉండేది. చీపురు తగిలి రెండు చెప్పులూ బోర్లా పడ్డాయి. ఎడమదాని అడుగు మడమ దగ్గర చిల్లిపడేంతగా అరిగిపోయింది. కుడిదాని అడుగున మాత్రం, కొన్ననాడు దుకాణంవాడు అంటించిన చీటీ ఒక మూల కూడా లేవకుండా అలాగే ఉంది.