క్షెమించండి, తలుపు తెరవబడదు

ఒక్కచోట కుదురుగా కూర్చోదని ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు. ఫోన్లో కస్టమర్ల చేత తిట్లు తినే ఉద్యోగం. అది మానేసి, ప్రోగ్రాముల్లో లొసుగులు వెతికే సెక్యూరిటీ పరిశోధనలోకి వెళ్ళాలని ఏడాదిగా ఒకటే ఆరాటం. నేర్పేవాళ్ళేరీ? ఇంటర్నెట్ నిండా ‘ఇక్కడ నేర్చుకోండి’ అనే జాబితాలే. ఒక లింకు నొక్కితే పేజీయే లేదు. ఇంకొకటి నొక్కితే కాలం చెల్లిన కంప్యూటర్లో తప్ప పనిచేయని పాఠం. ఒక వీడియోలో మహానుభావుడెవరో గంటసేపు నోరు విప్పకుండా టైపు చేసి, చివర్లో ‘అర్థమైంది కదా’ అన్నాడు. విషయం తెలిసినవాళ్ళున్న గ్రూపుల్లో అడిగితే, వెతుక్కోవడం కూడా రాదా అని వెటకారం. తామేదో పుట్టగానే అన్నీ నేర్చేసుకున్నట్టు!

అలాంటి చోట ‘మేష్టారు’ అనే మారుపేరుతో ఒకాయన దొరికాడు. ఫీజు ఊసెత్తలేదు. వారం వారం ఒక ప్రోగ్రాము పంపేవాడు. దాన్ని తన కంప్యూటర్లోనే నడిపి, తప్పెక్కడుందో కనిపెట్టి, అందులోని తాళం తీసి చూపించాలి. తీసి పంపితే ‘ఊఁ’ అనేవాడు, అంతే. ఆయన చేత ఒక్కసారి శభాష్ అనిపించుకుంటే చాలని పిచ్చుక తిండీతిప్పలు మరిచి కూర్చునేది.

‘‘ముక్కూ మొహం తెలియనివాడు ఊరికే ఎందుకు నేర్పుతాడే?’’ అని అక్క మొదట్లోనే అడిగింది. అక్కాచెల్లెళ్ళది ఒకే ఇల్లు. ఆసుపత్రుల్లో మందుల బీరువాలకు తాళాల ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీలో అక్క పనిచేస్తుంది.

‘‘నీకందరూ దొంగల్లాగే కనిపిస్తారు’’ అని పిచ్చుక మూతి తిప్పింది.

ఈ ఆదివారం పాఠం మహా మొండిది. తాళం తెరుచుకోనప్పుడల్లా ‘క్షెమించండి, తలుపు తెరవబడదు’ అని తెర మీద వచ్చేది. ఆ అక్షరదోషం చూసి పిచ్చుక నవ్వుకుంది కూడా. చివరికి పట్టేసింది. పేరు అడిగిన చోట చాంతాడంత పేరు ఇస్తే, ప్రోగ్రాము మింగలేక కక్కలేక తలుపు తీసేస్తోంది. ఆ కిటుకంతా రాసి మేష్టారికి పంపి, కుర్చీలోంచి లేచి ఒక గంతు వేసింది. ఈసారైనా శభాష్ అనకపోతాడా!

అప్పుడే అక్క నుంచి మెసేజ్ వచ్చింది. ‘క్షెమించవే, ఇవాళ కూడా ఆఫీసులో ఆలస్యం. నువ్వు తినెయ్.’

పిచ్చుక గుండె గుభేలుమంది. బడికెళ్ళే రోజుల నుంచీ అక్క ‘క్ష’కు ఎత్వం తగిలిస్తూనే ఉంది. నాన్న ఎంత ఏడిపించినా మారలేదు. పిచ్చుక ఆ ప్రోగ్రాము లోపలున్న మాటలన్నీ బయటికి లాగి చదివింది. ‘మూడో అంతస్తు.’ ‘మత్తుమందుల అర.’ ‘డ్యూటీ నర్సు.’ ఇది పాఠం కాదు. ఎక్కడో ఆసుపత్రిలో నిజంగా వేసి ఉన్న తాళం.

‘ఇది మీకెక్కడిది?’ అని మేష్టారికి రాసింది. ‘టైప్ చేస్తున్నారు’ అని కనిపించి ఆగిపోయింది. పిచ్చుక కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది? చెబితే అక్క ఉద్యోగం ఊడుతుంది, తన మెడకు కేసు చుట్టుకుంటుంది. చెప్పకపోతే ఆ అర మీద ఎవడు చెయ్యి వేస్తాడో. చివరికి ఫోన్ తీసింది.

‘‘అక్కా, తర్వాత ఎంతైనా తిట్టు. ముందు విను.’’

పిచ్చుక జరిగిందంతా చెప్పింది.

‘‘పేరు అడిగే చోటేనా?’’ అంది అక్క.

‘‘ఊఁ.’’

‘‘అది నేను రాసిందేనే. తొందర పెడుతున్నారని సరిచూడకుండా ఇచ్చేశాను.’’ అక్క కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. ‘‘ఇప్పుడే ఆసుపత్రులన్నిటికీ ఫోన్ చేయిస్తాను, బీరువాల దగ్గర మనిషిని నిలబెట్టమని. వాడితో నువ్వు మాట్లాడినదాంట్లో ఒక్క ముక్క చెరపకు. ఎలా తీశావో మా మేనేజరుకి నువ్వే చెప్పాలి.’’

‘‘నన్నే దొంగంటారేమో అక్కా.’’

‘‘అనొచ్చు. నన్నూ అంటారు. ఇంట్లోంచి కదలకు, నేను వస్తున్నా.’’

కంప్యూటర్ టింగుమంది. మేష్టారు. తన ప్రశ్నకు జవాబు లేదు. ఒకే ఒక్క మాట ఉంది.

‘శభాష్.’

చూడగానే పిచ్చుక ఒళ్ళు ఝల్లుమంది, సంతోషంతోనే. ఇంత జరిగాక కూడా ఆ సంతోషం కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

‘‘ఏమేవ్, ఉన్నావా?’’ ఫోన్లో అక్క ఇంకా ఉంది.

‘‘ఉన్నానక్కా. వాడు శభాష్ అన్నాడు.’’

‘‘అది కూడా చెరపకు’’ అంది అక్క.