దండెం మీద మామగారి మొహం

సాయంత్రం మబ్బు పట్టిందంటే చాలు, పక్కింటావిడ పిట్టగోడ మీంచి కేకేసేది. “వదినా, చినుకులు మొదలయ్యాయి. అన్నయ్యగారి మొహం తీసెయ్యి.”

మామగారు జోకరు. పుట్టినరోజులకీ బడి పండగలకీ వెళ్లొచ్చి తువ్వాలుతో తుడుచుకుంటే, మొహం మీది రంగంతా ఒక్క ముక్కగా ఊడొచ్చేది. అత్తగారు దాన్ని సబ్బునీళ్లలో జాడించి, చెవుల దగ్గర రెండు క్లిప్పులు పెట్టి, చొక్కాలకీ దిండు గలీబులకీ మధ్య ఆరేసేది. మళ్లీ ఆటకి ఆయన అదే తొడుక్కునేవారు. ఎర్రముక్కుతో, చెవులదాకా సాగిన నోటితో అది గాలికి ఊగుతూ వచ్చేపోయేవాళ్లని చూసి నవ్వేది. వీధిలో ఎవరికీ అదో వింత కాదు. ఎవరింటి బట్టలు వాళ్లవి.

కొత్త కోడలికి మాత్రం దాన్ని చూస్తే పై ప్రాణాలు పైనే పోయేవి. మొహం ఊడిరావడం గురించి కాదు ఆ పిల్ల బాధ, అది జోకరు మొహం అయినందుకు. చిన్నప్పుడు చుట్టాలింట్లో, వేళ్ల సందుల్లోంచి ఒక సినిమా చూసింది. అందులో జోకరు మంచం కిందనుంచి కత్తి పట్టుకుని వస్తాడు. ఆ రోజు మొదలు గోడమీద పోస్టరు కనిపించినా ఆమె వీధి మారిపోయేది. పెళ్లికి ముందు, ఆమె ప్రేమించిన కుర్రాడు “మా నాన్న పిల్లల కార్యక్రమాలు చేస్తారు” అన్నాడు తప్ప ఏ కార్యక్రమాలో చెప్పలేదు. ఈవిడ తన భయం సంగతి చెప్పలేదు. ప్రేమలో ఉన్నవాళ్లకి ఇలాంటివి గుర్తుండి చావవు మరి.

కోడలి భయం సంగతి తెలిసిన రోజునుంచీ మామగారు పెరటి గుమ్మంలోంచే రావడం, వంటింట్లోనే తిని పడుకోవడం. పల్లెత్తు మాట అనే మనిషి కాదు. ఆయన ఒట్టి మొహంతో ఎదురైనా కోడలు తల దించుకునేది, ఎక్కడ నవ్వుతాడోనని. తన ఇంట్లోనే ఆయన దొంగలా తిరుగుతుంటే ఆమెకి సిగ్గేసేది. చివరికి భర్త వేరే వీధిలో రెండు గదులు చూశాడు, ఆదివారం తాళం తెస్తానన్నాడు. “పిల్ల భయపడుతుంటే ఏం చేస్తాం. ఎక్కడున్నా చల్లగా ఉండండి” అని అత్తగారు పొయ్యివైపు తిరిగి ముక్కు చీదుకుంది.

కోడలు ఒక లాండ్రీలో రఫ్ఫు పని చేసేది. చిరిగిన చోట చిరుగే తెలియకుండా దారంతో అల్లడం రఫ్ఫంటే. శుక్రవారం కరెంటు పోయి లాండ్రీ ముందే మూశారు. గేటు చప్పుడు వినగానే డాబా మీది అత్తగారు కంగారుపడింది. కోడలి కంట పడకుండా దాచేద్దామని మొహాన్ని దండెం మీంచి లాగింది. ఒక క్లిప్పు ఊడలేదు. నవ్వు కొసనుంచి చెంపదాకా పర్రున చిరిగింది.

మామగారు వచ్చి చిరుగు అంచుల్ని వేలితో దగ్గరికి చేర్చి చూశారు.

“పోనీలేవే. రేపు ఆసుపత్రిలో పిల్లల వార్డులో ఆట ఉంది, రానని చెప్పేస్తాను. ఆ సినిమాలు వచ్చాక నన్ను చూసి నవ్వేవాళ్లకంటే ఏడ్చేవాళ్లే ఎక్కువయ్యారు. ఇంతటితో చాలిద్దాం.”

“ఇంకోటి వేసుకోకూడదూ?” అంది అత్తగారు ఏడుపుగొంతుతో.

“ఈ వయసులో ఇంకో మొహం ఎక్కణ్ణుంచి తెచ్చేది?”

డాబా మెట్లెక్కిన కోడలు తలుపు వెనకనుంచి ఆ చిరుగు చూసింది. చిరుగు కనబడితే ఆమె చేతులు ఊరుకోవు.

“ఇలా ఇవ్వండి అత్తయ్యా. తిరగేసి ఇవ్వండి.”

రఫ్ఫు ఎప్పుడూ లోపలివైపునుంచే చేస్తారు. పైకి చూడక్కర్లేదన్న ధైర్యంతోనే అడిగింది. ఒళ్లో పరుచుకుని సూది గుచ్చబోయి ఆగిపోయింది. లోపలంతా ముడతలు. నుదుటిమీద లోతైన గీతలు, బిగబట్టిన దవడ, వణికిన పెదవి అచ్చు. ఆ మొహం ఆమె ఎరుగును. ఆ సినిమా చూసిన రాత్రి అద్దంలో కనిపించింది అదే.

“మామయ్యా, మీకు భయమా?”

“భయం కాక? గుమ్మందాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరుగుతాను, ఏ పిల్లాడు ఏడుస్తాడోనని. ఒక్కడు ఏడ్చినా ఆ రాత్రి నిద్రుండదు.”

“ఎప్పుడూ చెప్పలేదే?”

“జోకరు చెప్పుకునే మాటేనా తల్లీ?”

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “మీకు నేనంటే భయం, నాకు మీరంటే భయం. మధ్యన పాపం అత్తయ్య పరుగులు.”

కుట్టు ముగించాక పైకి తిప్పి చూడక తప్పదు. కళ్లు మూసుకుని తిప్పి, ఒక్కో కన్నే తెరిచింది. ఒక కుట్టు బిగిసి, నవ్వు ఆ పక్కన కాస్త తగ్గింది. విప్పి మళ్లీ వేయనా అంటే మామగారు ఉండనీ అన్నారు.

“రేపు తలుపేసుకుని పెట్టుకోకండి మామయ్యా. వాళ్ల ముందే పెట్టుకోండి. ముందు లోపలివైపు చూపించండి.”

మర్నాడు ఆమె కూడా వెళ్లి వార్డు గుమ్మం దగ్గర నిలబడింది. జోకరు వచ్చాడనగానే చివరి మంచంలోని పాప దుప్పటి ముసుగు పెట్టేసింది. మామగారు ఒట్టి మొహంతో పక్కన కూర్చుని, తన నవ్వుని తిరగేసి మోకాలిమీద పెట్టుకున్నారు. కాసేపటికి దుప్పటిలోంచి ఒక వేలు వచ్చి ఆ ముడతల్ని తడిమింది.

“తాతా, నీకు భయమా?”

“ఊఁ.”

“సూదంటేనా?”

“కాదమ్మా. నువ్వంటే.”

పాప దుప్పటి సందులోంచి ఆయన్ని చూసింది. ముసుగు తీసి లేచి కూర్చుంది. “నేనేం చెయ్యనులే” అని, తన చేతులతోనే ఆ మొహాన్ని ఆయనకి తొడిగింది. గుమ్మం దగ్గర కోడలు కళ్లు తుడుచుకుంది, పారిపోవాలన్న సంగతి గుర్తురాలేదు.

ఆదివారం భర్త కొత్తింటి తాళం తెచ్చేసరికి మబ్బు పట్టింది. పక్కింటావిడ కేకేసింది. అత్తగారు లేచేలోపే కోడలు డాబా ఎక్కి, ఒక్కో క్లిప్పూ మెల్లగా తీసి, మామగారి మొహాన్ని మడిచి భుజాన వేసుకుని దిగింది.

“బండి మాట్లాడనా?” అన్నాడు భర్త.

“ఆ తాళం ఇచ్చేసి రా,” అంది. “వచ్చేటప్పుడు ఎర్రదారం తీసుకురా. నవ్వు కొసన కుట్టు వదులవుతోంది.”