పది గంటల కబురు

తెగిన పోగును ఇరుళప్పన్ వేళ్ళే వెతికి పట్టుకుంటాయి, కళ్ళతో పనిలేదు. సింగానల్లూరు మిల్లులో ముప్పై ఏళ్ళుగా నూలు వడికే అదే రింగ్ ఫ్రేము. చెవుల్లో దూది, కనుబొమల మీద దూది. ఎదురు ఫ్రేము దగ్గర సంజీవి దగ్గుతున్నాడు. దగ్గు వినబడదు, వీపు వంగి లేవడం కనబడుతుంది.

ఆ హోరులో మిల్లువాళ్ళకు చేతులే నోళ్ళు. రెండు వేళ్ళు పెదవికి తాకిస్తే నీళ్ళు. భుజం తడితే మేస్త్రీ వస్తున్నాడని. చేత్తో ఎవడూ అబద్ధమాడడని ఇరుళప్పన్ నమ్మేవాడు.

ఏడేళ్ళ కిందట గేటు కాపలా ఆండి లోపలికొచ్చి సంజీవి చెవిలో ఏదో చెప్పి పోయాడు. ఫ్రేము ఆ కొసనుంచి ఇరుళప్పన్ 'ఎవరికి?' అని సైగ చేశాడు. సంజీవి అరచెయ్యి తిప్పాడు: 'నీకు కాదు.' మూడున్నరకు మిల్లు సంగు ఊది పని ముగిశాక ఇల్లు చేరితే, భార్య నాగమ్మాళ్ శవం తలదగ్గర దీపం పెట్టి ఉంది. వాంతులు పట్టుకున్నాయట. మధ్యాహ్నందాకా వాకిలివైపే చూసిందట. పదహారో రోజున ఆండి నోట నిజం బయటపడింది: ఆ కబురు ఇరుళప్పన్‌కే. ఆనాటినుంచి ఇరుళప్పన్ సంజీవితో మాట్లాడలేదు, చెయ్యి కూడా ఎత్తలేదు.

భోజనాల వేళ, ఫ్రేములు ఆగాక, సంజీవి ఎప్పటిలాగే డబ్బా మూతలో సగం సంగటి, పులిచ్చకూర పెట్టి, కిటికీ గట్టుమీద ఇతనివైపు జరిపాడు. ఏడేళ్ళుగా దాన్ని చివరికి సంజీవే కాకులకు వేసేవాడు.

"రేపట్నించి నేను రానప్పా. దూది నెంజులో చేరి ఊపిరిని తినేసిందంట. వాడిపట్టికి, కూతురింటికి పోతాను."

ఇరుళప్పన్ నములుతూనే ఉన్నాడు.

"నువ్వు పోయుంటే రెండు ఫ్రేములూ నా నెత్తిన పడును. ఒళ్ళు అలిసిపోయుండె. ఉత్త వాంతులే కదా, సాయంత్రం పోతాడులే అనుకొంటిని. సత్తియంగా అంతే. తిట్టన్నా తిట్టు ఇరుళప్పా, ఇట్ల ఊరకుండొద్దు."

"ఆండి వచ్చినప్పుడు గంటెంత?"

ఏడేళ్ళలో మొదటి మాట.

"పది."

"ఐదున్నర గంట. నా మొగం జూస్తా నిలబడి ఉంటివి."

చెయ్యి కడుక్కుని లేచాడు.

సంగు ఊదినప్పుడు సంజీవి తలుపు దగ్గర ఆగి చెయ్యెత్తాడు: 'పోయొస్తా.' ఇరుళప్పన్ చూశాడు. ఒక్క పోగూ తెగలేదు. అయినా రెండు చేతులూ దారాల మీదే ఉంచాడు. ఎత్తిన చెయ్యి కాసేపటికి దిగింది.

పదకొండో రోజున వాడిపట్టినుంచి చావు కబురొచ్చింది. ఆండి ఈసారి నేరుగా ఇరుళప్పన్ దగ్గరికే వచ్చి చెప్పాడు. అప్పుడూ పది గంటలే. ఇరుళప్పన్ తలూపాడు. మూడున్నరదాకా ఫ్రేము వదల్లేదు.

కిటికీ గట్టుమీద సంజీవి మరిచిపోయిన డబ్బా మూత ఉంది, ఎండిన సంగటి మీద వేలెడు మందాన దూది కప్పుకుని.