చెంగయ్య ముఖానికి అచ్చు

చెంగయ్య ముఖాన్ని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. పెళ్లాం చెంచమ్మ పెళ్లినాడు చూసిందే చూడటం, ఆ తర్వాత ఆమెకు తీరిక ఎక్కడిది? అలాంటిది మద్రాసులో ఫొటోగ్రఫీ చదువుకున్న హెబ్రోను, పులికాట్ ఒడ్డున పడవ దిగీ దిగగానే, "అన్నా, నీ మొహం నాకు కావాలి" అన్నాడు. చెంగయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

హెబ్రోను తీసేది పావుగంట సినిమా. అందులో ఒక జాలరి నిద్రలేచి చూసేసరికి ఊళ్లో అందరికీ తన ముఖమే ఉంటుంది. తనకు మాత్రం ఏ ముఖమూ ఉండదు. పాటల్లేవు, కొట్లాటల్లేవు. "ఇట్టాంటిది ఎవురు చూస్తారు సామీ?" అని చెంగయ్య అడిగితే హెబ్రోను నవ్వాడు. ముందు చెంగయ్య ముఖానికి ప్లాస్టరుతో అచ్చు తీయాలి. అందులో మైనం పోసి ముఖాలు చేసి ఊరివాళ్లకు తగిలించాలి. ఆ పనికి మాల్యాద్రిని వెంట తెచ్చాడు. నాటకాలవాళ్లకు రంగులు వేసే మనిషి.

మీసం తీసేయమన్నాడు మాల్యాద్రి. చెంగయ్య ఇంతెత్తున లేచాడు. "మా నాయన గుండ్రాయి మాదిరి ఉండాడు. ఆయన బతికుండంగా మీసం తీసేదానికి నాకేం పొయ్యేకాలం?"

ఇక చేసేదేముంది? మాల్యాద్రి గొణుక్కుంటూ మీసానికి వాజలైను పట్టించాడు. మూసిన కళ్ల మీద దూది పెట్టి, ఊపిరికి ముక్కులో బొప్పాయాకు కాడలు దూర్చి, నుదుటి నుంచి గడ్డం కిందిదాకా ప్లాస్టరు మెత్తేశాడు. "నోరు కదిలించబాక అన్నా. గట్టిపడితే అదే ఊడొస్తది."

మొదట చల్లగా హాయిగానే ఉంది. తర్వాత ప్లాస్టరు వేడెక్కింది, బిగుసుకుంది. చెంగయ్యకు ముఖం ఎక్కడుందో తెలియకుండా పోయింది. వినబడేది తన ఊపిరి ఒక్కటే.

అప్పుడు తప్పెట మోగింది.

ఆ మోత దేనికో ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. సముద్రానికీ సరస్సుకూ మధ్య ఇసుక తెగి ఉప్పునీళ్లు లోపలికి వచ్చాయి, రొయ్య వచ్చింది. రేపో ఎల్లుండో అనుకున్నది ఇప్పుడే వచ్చిపడింది. ఎవరు ఎక్కడ వల వేయాలో చీట్లు తీసి వంతులు వేస్తారు. ఊరికాపు, అంటే ఊరిపెద్ద, ముత్యాలయ్య ముమ్మారు పేరు పిలుస్తాడు. పిలిచినవాడు తన నోటితో "ఉండాను" అనాలి. పెళ్లాం పలికినా చెల్లదు, అన్నదమ్ముడు పలికినా చెల్లదు. చచ్చినవాళ్ల బదులు కూడా పలికి వంతులు కొట్టేసిన ఘనులు ఆ ఊళ్లో ఉండేవాళ్లు మరి! పలకనివాడికి ఆ ఏడు సరస్సు లేదు. ఒడ్డున కూర్చుని పక్కవాడి వల చూసుకోవలసిందే.

చెంగయ్య తటాలున లేచాడు. ప్లాస్టరు పట్టుకుని లాగాడు. రాలేదు. మీసం లోపల కరుచుకుపోయింది, ప్రాణం జిల్లార్చుకుపోయింది. "లాగబాక, తోలు ఊడిపోతది!" అని మాల్యాద్రి చేతులు పట్టుకున్నాడు. వాణ్ణి ఒక్క తోపు తోసి చెంగయ్య తప్పెట మోత వచ్చేవైపు నడిచాడు. కళ్లు లేకపోతేనేం, ఆ ఇసుక పాదాలకు తెలుసు. వెనక కిర్రుమని చప్పుడు. హెబ్రోను, పుణ్యాత్ముడు, కెమెరాకు కీ ఇచ్చుకుంటూ వస్తున్నాడు.

పిల్లలు కెవ్వుమన్నారు. ఎవరో దయ్యమన్నారు, ఎవరో నవ్వారు. ఆ నవ్వుల మీదుగా ముత్యాలయ్య గొంతు వినబడింది.

"చెంగయ్యా!"

చెంగయ్య గుండెలు బాదుకున్నాడు. ఊపిరి కాడల్లో బుసబుసమంది, మాట మాత్రం రాలేదు.

"నా మొగుడే మామా! ఆ కాళ్లు నేనెరగనా?" చెంచమ్మ ఏడుపుగొంతుతో అరిచింది.

"నువ్వెరుగుదువులే తల్లీ. నేనూ ఎరుగుదును." ముత్యాలయ్య గొంతులో జాలి ఉంది. "నోటితో పలకాల. నీకొక్కదానికి సడలిస్తే రేపు ఊరంతా ముసుగేసుకోనొస్తది. చెంగయ్యా!"

చేతులకు వంతులేసే పందిరి గుంజ తగిలింది. చెంగయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని ముఖాన్ని దానికేసి కొట్టాడు. కళ్ల ముందు నిప్పులు రాలాయి. మళ్లీ కొట్టాడు. ప్లాస్టరు బీటలిచ్చింది. చెవుల్లో హోరు, ఆ హోరులో ఎవరేమంటున్నారో తెలియలేదు. గోళ్లు దూర్చి, సగం మీసంతో సహా కింది పెచ్చు పీకేశాడు. నెత్తురు నోట్లోకి కారింది.

"ఉండాను!" అని దిక్కులదిరేలా అరిచాడు.

అదే క్షణాన పక్కనున్న మరో జాలరి పెంచలయ్య కూడా "ఉండాను" అన్నాడు.

 కెమెరా కీ అయిపోయి ఆగింది. చెంగయ్య మీది పెచ్చునూ దూదినీ పీకేసి కళ్లు తెరిచాడు. ముత్యాలయ్య చీటి పట్టుకుని అతన్నే చూస్తున్నాడు, ఆయన కళ్లలో నీళ్లు.

"పలికినాను మామా," అన్నాడు చెంగయ్య. "అందరూ విన్నారు."

"విన్నారు అబ్బయా," అన్నాడు ముత్యాలయ్య. "నువ్వు పలికింది పెంచలయ్య పేరుకు. నీ పేరు ముమ్మారూ అయిపోయింది."