అక్క తినే వంట

మంట ఇంకాస్త తగ్గించాలి, లేకపోతే ఉల్లిపాయల అంచులు మాడి మధ్యలో పచ్చిగా ఉండిపోతాయి, ఇంట్లో ఉన్న మూడు ఉల్లిపాయలనూ తగలేసుకుంటే ఈ కూరకు రుచి ఎక్కడినుంచి వస్తుంది, మిగతావన్నీ నీళ్ళూ బంగాళాదుంపలే కదా, నిదానంగా వేయించరా, తొందరపెడితే ఉల్లిపాయ అలుగుతుంది అనేది అక్క, ఆ అక్కే ఇప్పుడు వంటగది గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, స్వెటర్ గుండీ పెట్టి తీసి, మళ్ళీ పెట్టి, వంటాయనా, ఈ స్టాపుకి బస్సు ఎప్పుడొస్తుంది అని అడుగుతోంది, కాసేపట్లో వస్తుందమ్మా అన్నాడు అతను గరిటె తిప్పుతూనే, వంటాయన అన్న పిలుపు మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుకి ఇదో ప్రమోషన్ అనుకున్నాడు, తర్వాత నవ్వు పోయింది, వంటాయన్ని కాదక్కా, నీ తమ్ముణ్ణి అని చెప్పిన ప్రతిసారీ ఆమె కళ్ళలోకి వచ్చే భయాన్ని, ఎవరో మోసగాడు ఇంట్లో దూరాడన్నట్టు ఆ చూపును తట్టుకోలేక చివరికి ఆ పిలుపుకే పలకడం మొదలుపెట్టాడు.

అలవాటు పడలేనిది ఒక్కటే, ఆమె తినకపోవడం. నిన్న గంజి ముందు పెడితే గిన్నెను రెండు వేళ్ళతో అవతలికి జరిపింది, మొన్న కోడిగుడ్డు, అంతకుముందు పాలలో నానబెట్టిన రొట్టె, అన్నిటికీ అదే మర్యాద, పెదాలు బిగించి తల పక్కకు తిప్పుకోవడం, ఆస్పత్రిలో నర్సు తూకం వేసి ముల్లు వంక చూసి, ఆమె వంక చూసి, ఇలాగే తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి పట్టాల్సొస్తుందండీ అన్నది, ఖరీదైనవేం అక్కర్లేదు, ఆవిడకి ఇష్టమైనవి చేసి పెట్టండి, మనిషికి అన్నీ మరుపొచ్చినా నాలుకకి మరుపు రాదు అన్నది, చెప్పడానికేం, బాగానే చెప్పింది, అక్కను ఒంటరిగా వదల్లేక సగం షిఫ్టుకి ఒప్పుకున్నాక ఇంటికి సగం జీతమే వస్తోంది, అందుకని బజారు కట్టేసే వేళకు వెళ్ళి మెత్తబడ్డ టమాటాలు ఏరుకోవడం, నిలవ రొట్టె వేయించి కరకరలాడేలా చేయడం, దుంపలు ఉడికిన నీళ్ళు పారబోయకుండా అందులోనే టమాటా చిదిమి చారులా కాయడం, ఇవన్నీ చేస్తున్నాడు, ఆమె తిననిది తనకు వంట చేతకాక కాదు, ఈ విద్యంతా ఎవరు నేర్పారు, ఈ స్టూలు మీది మనిషే, అమ్మ పోయిన ఏడు, నాన్న సరుకుల లారీతో ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే, ఇంకా జడ సరిగ్గా వేసుకోవడం రాని అక్క ఖాళీ అలమారలోంచి ఏదో ఒకటి తీసి పొయ్యి మీద పెట్టేది, అది దిగేసరికి ఇల్లంతా ఘుమఘుమలాడేది, ఆకలికి రుచి తెలియదంటారు గానీ అబద్ధం, తనకు బాగా తెలిసింది, ఇంకా తెలుస్తోంది.

ఉల్లిపాయలు ఎర్రబడ్డాయి, అదిగో, ఆ వాసన, అక్క ముక్కుపుటాలు కదిలాయి, గుండీ వదిలేసి లేచింది, మెల్లగా పొయ్యి దగ్గరికి వచ్చింది, తరిగిన దుంప ముక్కల్ని దోసిలితో తీసి బాణలిలో జారవిడిచింది, ఒక్క ముక్క కింద పడలేదు, ఆ చేతులకు అన్నీ గుర్తున్నాయి, ఇంక తింటుంది, ఈ పూట తప్పకుండా తింటుంది అని అతను గిన్నె కోసం పక్కకు తిరిగాడు, తిరిగిన ఆ కాస్తలోనే ఉప్పు డబ్బా ఆమె చేతిలోకి వెళ్ళింది, పిడికిలి నిండా తీసి వేసింది, ఇంకో పిడికిలి తీస్తోంది, అక్కా అని అరిచాడు, ఏం చేస్తున్నావు, తినవు, తిననివ్వవు, ఇంక ఇంట్లో ఏముందని, అరుస్తూ ఆ మణికట్టు పట్టుకున్నాడు, పట్టుకున్నాక గాని తెలియలేదు అది ఎంత సన్నబడిందో, పుల్లలా ఉంది, ఆమె వణికిపోతూ, పొరపాటైందండీ, ఇంకోసారి చెయ్యను, పనిలోంచి తీసెయ్యకండి అన్నది, ఎవరి ఇంట్లో, ఏ యజమానురాలి ముందు ఈ మాట అని ఉంటుందో, తనకు ఎప్పుడూ చెప్పలేదు, నాన్న డబ్బు పంపని నెలల్లో మధ్యాహ్నాలు ఎక్కడికో వెళ్ళొచ్చేది, అంతవరకే తెలుసు.

ఫరవాలేదమ్మా, ఫరవాలేదు, సరిచేద్దాం అంటూ ఆమెను కూర్చోబెట్టి, బాణలిలో నీళ్ళు పోసి కలిపి వంచేశాడు, ఎర్రగా వేగిన ఉల్లిపాయ సారమంతా ఆ నీళ్ళతో తూములోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు, మిగిలిన రెండు దుంపలు కూడా తరిగి వేశాడు, టమాటా చిదిమాడు, కింది వాటాలోంచి టైలరమ్మ గొంతు వినిపించింది, అన్నయ్యా, కుట్టు ఆపేశాను, వచ్చి అక్కగారి దగ్గర కూర్చోమంటారా, మీకు డ్యూటీ టైమవుతోంది కదా, ఒక్క పావుగంటమ్మా, అక్క తినగానే పిలుస్తాను అన్నాడు, తినగానే అన్న మాట తన నోటికే కొత్తగా తోచింది, ఉడికాక రుచి చూస్తే పరవాలేదు, కొంచెం ఉప్పన, అయినా వేడి మీద బాగానే ఉంది, ఇంతకన్నా ఎవరూ బాగుచెయ్యలేరు, పళ్ళెంలో పెట్టి, ఆవిరి ఊది, చెంచా ఆమె పెదాల దాకా తెచ్చాడు.

పిల్లాడు తిన్నాడా అన్నది ఆమె, ఏ పిల్లాడమ్మా, ఏ పిల్లాడంటావేమయ్యా, మా తమ్ముడు, బడినించి వచ్చి ఉంటాడు, ముందు వాడికి పెట్టు, తిన్నాడమ్మా, కడుపు నిండా తిన్నాడు, నిజంగానా, మళ్ళీ అడిగి వేయించుకున్నాడా, సిగ్గుపడతాడు వాడు, బాణలి అడుగున అంటుకున్న ఎర్ర ముక్కలు గీరి పెట్టావా, అవంటే ప్రాణం వాడికి, పెట్టానమ్మా అన్నాడు, నలభై ఏళ్ళ అవతల కూర్చున్న ఆ పిల్లాడి మీద అసూయలాంటిది కలిగింది, వాడే ఉంటే ఆమె నోరు తెరిచేది, ఈ బట్టతల మెకానిక్కు ఎంత బతిమాలితే ఏం లాభం, సరేనమ్మా, వాడికి ఏది ఇష్టమో చెప్పావు, మరి నీకు, రేపు నీకోసం వండుతాను, ఏం వండమంటావు అన్నాడు, వాడికి గుడ్డు సొన గట్టిపడితేనే ఇష్టం అన్నది ఆమె, పాల మీద మీగడ ఉంటే తాగడు, వడగట్టాలి, అది కాదమ్మా, వాడి సంగతి సరే, నీకు, నీకేం ఇష్టం, నాకా అన్నది ఆమె, అని తన వెనక ఇంకెవరినో అడుగుతున్నారేమోనన్నట్టు తల తిప్పి గుమ్మం వైపు చూసింది.

అతను చెంచా పళ్ళెంలో పెట్టేశాడు, అక్క ఇష్టంగా తిన్న రోజు ఒక్కటి, ఒక్క పూట, ఒక్క ముద్ద గుర్తు చేసుకోవాలని వెతికాడు, ఇది బాగుంది, ఇంకొంచెం కావాలి అని ఆమె అన్న మాట ఏదైనా, ప్రతి పూటలోనూ తన పళ్ళెమే కనబడుతోంది, గరిటె పట్టిన ఆమె చెయ్యే కనబడుతోంది, ఆమె నోరు ఎక్కడా కనబడలేదు, ఆమెకు ఏది ఇష్టమో నాన్నకు తెలిసి ఉండదు, అమ్మ ఉంటే తెలిసేదేమో, ఇప్పుడు అక్కకూ తెలియదు, మెట్ల మీద టైలరమ్మ చెప్పుల చప్పుడు పైకి వస్తోంది, కూర మీది ఆవిరి సన్నబడుతోంది, అక్క మళ్ళీ గుండీ పెట్టుకోవడంలో పడింది, నర్సు చేసి పెట్టమన్న ఆ ఇష్టమైన వంట ఏమిటో చెప్పగలిగినవాళ్ళు ఇంక ఈ లోకంలో ఎవరూ మిగల్లేదు.