కెమెరాకు నచ్చిన చోటు

మా కంప్యూటర్‌లో ఉన్నది అందరూ వాడే విండోస్ కాదు, లినక్స్. ఆ ఒక్క ముక్క మా ఊరు కరకోల్ బజారులో చెప్పి చూడండి, కెమెరాలు అమ్మేవాడి ముఖం ఎలా మాడిపోతుందో. ఒకడు కెమెరాతోపాటు దాన్ని నడిపించే డిస్కు కూడా ఇచ్చాడు. ఆ డిస్కు వైపు మా కంప్యూటర్ కన్నెత్తి కూడా చూడలేదు. అది తిరిగిచ్చేసి, డిస్కు అక్కర్లేని చౌక రకం తిలెక్ కొట్లో కొన్నాను.

"ఇది ఏ కంప్యూటర్‌తోనైనా పనిచేస్తుందన్నా," అన్నాడు తిలెక్.

"ఇందాకటివాడూ ఇదే కూశాడు," అన్నాను.

ఖరీదైనది కొనే స్తోమత లేదు. నా భార్య బెర్మెట్ పనిచేసే సంగీత పాఠశాల మూతపడింది. కొముజ్ అనే మా తీగవాద్యం వాయించడం, నేర్పడం తప్ప ఆమెకు వేరే పని రాదు. ఇంట్లోంచే కెమెరా ముందు పాఠాలు చెప్పే ఉద్యోగం రాజధాని బిష్కెక్‌లో ఒకచోట ఉంది, ఆ మధ్యాహ్నం వాయించి చూపిస్తే ఇస్తామన్నారు. కొముజ్‌లో సగం పాట చేతిలోనే ఉంటుంది. చెయ్యి తీగల మీంచి లేచి గాల్లో తిరగాలి, భుజం మీదికి ఎగరాలి. అది కనబడకపోతే ఉద్యోగం లేదు.

అంత పెద్ద సంగతి కదా అని, తలుపుకు దూరంగా గదిలో పైచోటున, అంటే గౌరవస్థానంలో, అతిథులకు వేసే పరుపు మీద బెర్మెట్‌ని కూర్చోబెట్టాను. వెనక గోడకు మా అమ్మ కుట్టిన పూలగుడ్డ. కంప్యూటర్‌లో బొమ్మ వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే ఆమె వాయించింది. చెయ్యి ఇక్కడ మాయమై అక్కడ తేలింది, మధ్యలో ఏమీ లేదు.

వైరు మార్చాను. నెట్లో దొరికిన ఆదేశాలన్నీ కొట్టాను. తిలెక్‌కి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాను.

"నా చెయ్యి పాడైందేమో," అంది బెర్మెట్.

"నీ చేతికేం, బంగారం. రోగమంతా ఈ దిక్కుమాలిన దానికే."

అమ్మ టీ కావాలంది. బెర్మెట్ లేచి, తలుపు దగ్గర టీ నీళ్లు కాగే సమోవార్ పక్కన, కోడళ్లు కూర్చునే చోట కూర్చుంది. నేను కెమెరా విసిరికొట్టబోయి, డబ్బులు గుర్తొచ్చి ఆగాను. అప్పటికి అది ఆమెవైపు తిరిగి ఉంది. కంప్యూటర్‌లో టీ ధార తెగకుండా గిన్నెలోకి పడుతోంది. తలుపులోంచి వచ్చే వెలుతురంతా అక్కడే ఉంది. చీకట్లో ఈ చౌక కెమెరాలు నత్తనడక నడుస్తాయని ఏ పెట్టె మీదా రాసి చావరు.

"అక్కడే వాయించు," అన్నాను.

బెర్మెట్ ముఖం చిన్నబోయింది. "తలుపు దగ్గరా? రోజూ కూర్చునేదే, మీ ముందైతే పరవాలేదు. వాళ్లేమనుకుంటారు? ఇంట్లో ఈమె విలువ ఇంతేనని అనుకోరూ?"

పెళ్లయిన నాటినుంచీ ఆమె అక్కడే కూర్చుంటోంది.

అమ్మ గిన్నె కింద పెట్టింది. మోకాళ్లు పట్టుకుని లేచి, గోడ మీది పూలగుడ్డ ఊడదీసి తలుపు పక్కన తగిలించింది. పైచోటు పరుపు ఈడ్చుకొచ్చి దాని ముందు పరిచింది.

"కూర్చో తల్లీ. పైచోటు ఇకనుంచి ఇదే," అంది. "టీ వీడు పోస్తాడు."

మధ్యాహ్నం బెర్మెట్ చెయ్యి భుజం మీదికి ఎగిరి దిగింది, ఎక్కడా తెగలేదు. సోమవారం నుంచి పాఠాలు మొదలుపెట్టమన్నారు. అమ్మ ఖాళీ గిన్నెలు రెండూ నావైపు తోసింది.