హేరిన్‌కు వేసిన అయిదులు

మాది దక్షిణ కొరియాలోని దేజోన్‌లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్ల ఫిర్యాదులు వినే కాల్ సెంటర్. ఫోన్ పెట్టేశాక అవతలివాళ్లు అయిదుకు ఎన్ని మార్కులు వేస్తారో, దాన్నిబట్టే మా బతుకు. నాలుగు పడినా మా మేనేజరు, కూ అనే ఆయన, పిలిచి చీవాట్లు పెడతాడు. అందుకే మేం బయట ఎక్కడ తిన్నా, నూడుల్స్ చల్లారిపోయి వచ్చినా సరే, కళ్లు మూసుకుని అయిదే వేసి వస్తాం.

ఆ వసంతంలో, మాతో పనిచేసే ఒక్బున్ అక్క అర్జీ పెట్టింది. బూతులు తిట్టించుకున్న ప్రతి కాల్ తర్వాత కాస్త విరామం ఇమ్మని. అప్పటికే ఆమెకు చేతులు వణుకుతున్నాయి. విరామం రాకపోతే పని మానేయాల్సిందే, యాభై దాటినామెకు ఇంకెవడూ పనివ్వడు. "చూద్దాంలే" అన్నాడు కూ.

ఆ వారమే హేరిన్ అనే యూనివర్సిటీ పిల్ల కమలాపండ్ల సంచితో వచ్చింది. మనిషి కష్టాన్ని ఎంత తట్టుకోగలడో కొలిచే ప్రశ్నలట. ఇంగ్లీషు నుంచి మా భాషలోకి మార్చారు, మావాళ్లకు పనికొస్తాయో లేదో చూడాలట. ప్రతి వాక్యానికీ, అది మనకెంత సరిపోతుందో చూసుకుని ఒకటి నుంచి అయిదు దాకా వేయాలి.

"మా ప్రొఫెసర్ గారు కోపిష్టి, కాస్త దయుంచండి" అని నడుం వంచి దండం పెట్టింది.

"పాపం, దాని మొహం చూడవే. మూడేస్తే ఎవడో నిలబెట్టి తిడతాడు" అంది అక్క.

"‘ఎంత దెబ్బ తగిలినా వెంటనే తేరుకుంటాను’. దీనికీ అయిదేనా? పొద్దున టాయిలెట్లో ఏడ్చిందెవరో?" అన్నాను నేను.

"నోర్మూసుకుని వెయ్యి. మన సొమ్మేం పోయింది?"

అందరం పైనుంచి కిందిదాకా అయిదులే వేశాం.

నెల తిరిగాక కూ మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. "మీ అంత గట్టివాళ్లు ఎక్కడా లేరని తేలింది. ఇక విరామం దేనికి, ఒక్బున్ గారూ?"

"అవి ఆ పిల్లకి వేసిన మార్కులు సార్" అంది అక్క.

"ఎవరికేసినా, వేసింది మీరేగా."

అక్క ఆ సాయంత్రమే హెడ్‌సెట్ బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయి హేరిన్‌కు ఫోన్ చేశాను.

"లోపలికి రానివ్వాలంటే ఫలితం తమకూ ఇవ్వాలన్నారండీ మీ మేనేజరు గారు" అంది. "కానీ మా ప్రొఫెసర్ గారు మీ ఆఫీసులో నింపిన కాగితాలన్నీ పక్కన పడేశారు. ఇలాంటి మనుషులు ఉండరు, ఇవి నమ్మడానికి లేదన్నారు."

"ఆ ముక్క మా మేనేజరుకు చెప్పలేకపోయావా?"

"ఫలితం ఇచ్చిన రోజే చెప్పానండీ. పర్వాలేదమ్మా, మాకిది చాలు అన్నారు."